చుక్కకు దాణా ఎంత?

చుక్క ఆడగుర్రం. దాని నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది. అందుకే ఆ పేరు.

చుక్క ఉండే ఊరు పాడేరు పైన, కొండల్లో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా. ఈ జిల్లా 2022లో ఏర్పడింది. అంతకు ముందు ఆ ఊరు విశాఖ జిల్లాలో ఉండేది. జిల్లా పేరు మారింది గాని ఆ ఊరి బాట మారలేదు. జీపు కొండ కింద ఆగిపోతుంది. అక్కడి నుంచి రాళ్ళ దారి. మధ్యలో ఒక గెడ్డ. ఉప్పు రావాలన్నా, డిపో బియ్యం రావాలన్నా, పసుపు, మిరియాలు సంతకు పోవాలన్నా మనిషి నెత్తి మీద పోవాలి. లేదా గుర్రం వీపు మీద పోవాలి.

ఊరిలో ఐదు ఇళ్ళకు గుర్రాలున్నాయి. మిగిలిన ఇళ్ళవాళ్ళు ఈ ఐదు ఇళ్ళకు కిరాయి ఇచ్చి సరుకు తెప్పించుకుంటారు.

చుక్కను చూసుకునేది ఆ ఇంటి కోడలు. గడ్డి కోసేది ఆమె. నీళ్ళు పెట్టేది ఆమె. పేడ ఎత్తేది ఆమె. సంతకు తోలుకుపోయేది మాత్రం మామ. కిరాయి డబ్బులు కూడా మామ చేతికే వస్తాయి. చాలా ఇళ్ళలో ఇలాగే ఉంటుంది. చాకిరీ ఒకరిది, లెక్క ఇంకొకరిది.

ఆ రోజు సంత. మామ, చుక్క తెల్లవారక ముందే పసుపు వేసుకుని దిగిపోయారు. చీకటి పడ్డాక తిరిగి వచ్చారు. చుక్క వీపు మీద ఉప్పు, నూనె, రెండు ఇళ్ళవాళ్ళ సరుకు, ఒక మూట ఉలవలు. గుర్రం చెమటతో తడిసిపోయింది. తల వంచేసి నిలబడింది.

అత్తకు జాలి వేసింది.

"ఓలమ్మ, పొద్దుటి నుంచి ఏటీ తినలేదు కాబోలు. దీని డొక్కలు చూడు" అంది.

ఉలవల మూట విప్పింది. పెద్ద గిన్నెడు పచ్చి ఉలవలు గుర్రం ముందు పెట్టింది. నాలుగు కిలోలు ఉంటాయి. నానబెట్టలేదు. ఉడకబెట్టలేదు. చుక్క ఆకలి మీద ఉంది. గబగబా తినేసింది. నమలకుండానే మింగేసింది. తరవాత బకెట్టు నీళ్ళు తాగింది. అత్త దాని మెడ నిమిరింది. అందరూ పడుకున్నారు.

రాత్రి పది దాటాక కొట్టంలో చప్పుడు వినిపించింది. కోడలు లేచింది. దీపం పట్టుకుని వెళ్ళింది. చుక్క ముందు కాలితో నేల తవ్వుతోంది. తల తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది. పడుకుంటోంది, వెంటనే లేస్తోంది. మళ్ళీ పడుకుని పొర్లుతోంది. చలి రాత్రి. అయినా ఒళ్ళంతా చెమట. కొట్టంలో ఎక్కడా పేడ లేదు.

"మావా, లెగు. చుక్కకు బాగోలేదు."

మామ లేచి వచ్చాడు. చూడగానే అన్నాడు. "కడుపునొప్పి. వెదురు గొట్టం తే. సారా పోద్దాం. మా అయ్య అదే చేసేవాడు."

మామ గొట్టం కోసం లోపలికి వెళ్ళాడు. కోడలికి ఒక కాగితం గుర్తుకొచ్చింది. మొన్న సంతలో పశువుల డాక్టరు శిబిరం పెట్టాడు. గుర్రాలున్న వాళ్ళందరికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. మామ ఆ కాగితంలో పొగాకు చుట్టుకుందామనుకున్నాడు. కోడలు తీసుకుని చూరులో దోపింది. ఆమె రాత్రి బడికి వెళ్ళి చదువు నేర్చుకుని ఇంకా రెండేళ్ళు కాలేదు. పెద్ద అక్షరాలైతే చదవగలదు. చిన్న అక్షరాలైతే వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది.

దీపం దగ్గరకు కాగితం తెచ్చింది. వేలు పెట్టింది.

"గు-ర్రా-ని-కి క-డు-పు-నొ-ప్పి వ-స్తే..."

అత్త కూడా వంగి చూసింది. అత్తకు చదువు రాదు. అయినా చూసింది.

కాగితంలో ఇలా ఉంది. మేత తీసేయండి. నోట్లో ఏమీ పోయకండి. నూనె పోయకండి, సారా పోయకండి. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుర్రం చచ్చిపోతుంది. మెల్లగా నడిపించండి. పరుగెత్తించకండి. వెంటనే డాక్టరుకు చెప్పండి. కింద ఫోను నంబరు ఉంది.

మామ గొట్టం పట్టుకుని వచ్చాడు.

"పోయొద్దు మావా. ఇందులో రాసి ఉంది."

"రాసినోడికి గుర్రం ఉందా?" అన్నాడు మామ. అతనికి కోపం వచ్చింది. భయం కూడా వేసింది. చుక్క పోతే ఇంకో గుర్రం కొనే డబ్బు ఆ ఇంట్లో లేదు. పసుపు అమ్మిన డబ్బు అప్పుకే సరిపోయింది.

అప్పుడు అత్త నోరు విప్పింది. "ఉలవలు పెట్టింది నాను. తప్పు నాది. ఇంకో తప్పు చేయొద్దు. అమ్మి చదివింది కదా. ఆగు."

మామ గొట్టం కింద పెట్టాడు.

ఊరిలో ఫోను పలకదు. పైన బండ ఎక్కితే పలుకుతుంది. కోడలు ఫోను పట్టుకుని చీకట్లో బండ ఎక్కింది. మూడోసారికి డాక్టరు పలికాడు. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది అని అడిగాడు. పేడ వేసిందా అని అడిగాడు. కోడలు అన్నీ చెప్పింది. "జీపు వచ్చే చోటుకు మెల్లగా దించండి. నేను బయలుదేరుతున్నాను" అన్నాడు.

మామ, కోడలు చుక్కను నడిపించుకుంటూ దిగారు. పక్కింటి ఆయన టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాడు. అతనికీ ఒక గుర్రం ఉంది. దారిలో చుక్క మూడుసార్లు కూలబడింది. మూడుసార్లూ లేపారు. గెడ్డ దగ్గర ఇక లేవదేమో అనుకున్నారు.

వాళ్ళు కిందికి వచ్చేసరికి డాక్టరు ఉన్నాడు. నొప్పికి సూది వేశాడు. చుక్క ముక్కులోంచి ఒక సన్నని గొట్టం మెల్లగా కడుపులోకి దింపాడు. గాలి బుస్సుమని వచ్చింది. పుల్లని వాసన. తరవాత నీళ్ళు, నానిన ఉలవలు వచ్చాయి. తెల్లవారుతుండగా చుక్క నాలుగు ఉండలు పేడ వేసింది. పేడ చూసి మామ ఏడ్చాడు.

కడుపు సంచి

గుర్రం ఆవు లాంటిది కాదు. ఇది ముందు తెలుసుకోవాలి. ఆవుకు, గేదెకు కడుపులో నాలుగు గదులు ఉంటాయి. గబగబా మేసి, తరవాత తీరిగ్గా నెమరు వేస్తాయి. గుర్రానికి ఒకటే సంచి. నెమరు వేయదు. ఆ సంచి కూడా చిన్నది. పెద్ద జాతి గుర్రానికే 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. కొండ గుర్రానికి అందులో సగం కూడా ఉండదు.

ఇంకో సంగతి. గుర్రానికి వాంతి కాదు. మనకు ఎక్కువైతే కక్కేస్తాం. కుక్క కూడా కక్కేస్తుంది. గుర్రం గొంతు దగ్గర కాదు, కడుపు మూతి దగ్గర కండరం గట్టిగా బిగుసుకుని ఉంటుంది. లోపలికి పోయింది మళ్ళీ పైకి రాదు. పచ్చి ఉలవలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి. పులిసి గాలి పుడుతుంది. సంచి సాగుతుంది. ఇంకా సాగితే పగిలిపోతుంది. పగిలితే ఏ డాక్టరూ బతికించలేడు.

అందుకే గుర్రం కొంచెం కొంచెంగా, రోజంతా తినాలి. విడిచిపెడితే రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు మేస్తుంది. దాని పొట్ట అందుకే తయారైంది. మనం పొద్దుటి నుంచి పస్తు పెట్టి, రాత్రి ఒక్కసారి గిన్నె నింపితే అది ప్రేమ అని మనం అనుకుంటాం. పొట్ట అలా అనుకోదు.

గుర్రానికి ఏం పెట్టాలో తెలియక చెడగొట్టడం కొత్త కాదు. సుమారు 1290 ప్రాంతంలో మార్కోపోలో అనే ఇటలీ బాటసారి దక్షిణ దేశపు తీరానికి వచ్చాడు. అప్పట్లో అరబ్బు దేశాల నుంచి ఓడల మీద గుర్రాలు దిగేవి. రాజులు బోలెడు సొమ్ము పోసి కొనేవారు. తమిళ తీరంలో ఆ గుర్రాలకు అన్నం, మాంసం ఉడికించి పెడుతున్నారని, ఎన్ని కొన్నా చచ్చిపోతున్నాయని అతను రాసుకున్నాడు. రాజుకైతే మళ్ళీ ఓడ వస్తుంది. చుక్క ఇంటికి ఓడ రాదు.

టేపు పెట్టి కొలిచారు

మూడు రోజుల తరవాత డాక్టరు చుక్కను చూడటానికి కొండ ఎక్కాడు. ఐదు ఇళ్ళ వాళ్ళూ చింతచెట్టు కింద చేరారు. మగవాళ్ళు ముందు కూర్చున్నారు. మేత వేసే ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు. "దాణా ఎవరు పెడతారో వాళ్ళు ముందుకు రండి" అన్నాడు డాక్టరు. కొంచెం సేపు ఎవరూ కదలలేదు. తరవాత అత్త ముందుకు వచ్చి కూర్చుంది. ఆమె వెనక మిగిలిన వాళ్ళు వచ్చారు.

"గుర్రం ఎంత బరువుంటుంది?" అని అడిగాడు.

ఒకరు వంద కిలోలన్నారు. ఒకరు ఐదు వందలన్నారు. కొండ మీద కాటా లేదు కదా. ఎలా తూస్తారు?

దానికి ఒక లెక్క ఉంది. దర్జీ టేపు చాలు. ముందు కాళ్ళ వెనకగా, ఛాతీ చుట్టూ టేపు తిప్పి కొలవాలి. ఇది చుట్టుకొలత. భుజం ముందు ఎముక దగ్గర నుంచి పిర్ర చివరి వరకు కొలవాలి. ఇది పొడవు. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించాలి. వచ్చిన దాన్ని పొడవుతో గుణించాలి. దాన్ని 11,880తో భాగించాలి. వచ్చేది కిలోలు. కొలత సెంటీమీటర్లలో ఉండాలి.

చుక్క చుట్టుకొలత 135. పొడవు 130. కోడలు కూతురు ఐదో తరగతి. ఫోనులో లెక్క కట్టింది.

135 × 135 = 18,225

18,225 × 130 = 23,69,250

23,69,250 ÷ 11,880 = 199

చుక్క బరువు దగ్గర దగ్గర 200 కిలోలు.

బరువు తెలిస్తే మేత తెలుస్తుంది. వంద కిలోల గుర్రానికి రోజుకు రెండు కిలోల ఎండు మేత కావాలి. చుక్కకు నాలుగు కిలోలు. పచ్చిగడ్డి అయితే ఇంకా చాలా ఎక్కువ కావాలి, ఎందుకంటే పచ్చిగడ్డిలో ముప్పావు వంతు నీళ్ళే. గరిక మంచి మేత. చోడి గడ్డి, సామ గడ్డి పెట్టవచ్చు. ఒట్టి వరిగడ్డి మీద బతికించకూడదు. అందులో సారం తక్కువ. పేగుల్లో అడ్డుపడుతుంది కూడా. బూజు పట్టిన గడ్డి ఆవు తట్టుకుంటుందేమో గాని గుర్రం తట్టుకోలేదు. గన్నేరు ఆకు, ఆముదపు గింజలు దాని నోటికి అందకూడదు. రెండూ విషమే.

ఉలవలు మంచివి కావా అంటే, చాలా మంచివి. ఎప్పటి నుంచో మన దేశంలో గుర్రానికీ ఎద్దుకూ పెట్టే దాణా అదే. ఎద్దులకు ఉడికించిన ఉలవల నీళ్ళతోనే మొదట ఉలవచారు కాచారని పెద్దలు చెబుతారు. అయితే ఉలవలు రాత్రి నానబెట్టాలి. లేదా ఉడకబెట్టి చల్లార్చాలి. కొంచెం తవుడు, చిటికెడు ఉప్పు కలపాలి. బరువు మోసే రోజుల్లో చుక్కకు రోజు మొత్తానికి ఒక కిలో చాలు. అది కూడా ఒక్కసారి కాదు, రెండు మూడు పూటలుగా. ముందు గడ్డి, తరవాత దాణా.

"పని లేని రోజు?" అని పక్కింటామె అడిగింది.

"సగం చేయండి. ఇంకా తగ్గించినా పరవాలేదు. గడ్డి మాత్రం తగ్గించొద్దు."

పని లేని రోజుల్లో కూడా నిండా దాణా పెట్టి, తరవాత ఒక్కసారిగా బరువు వేస్తే కొన్ని గుర్రాలకు తొడ కండలు బిగుసుకుపోతాయి. నడవలేవు. మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అప్పుడు అడుగు కూడా వేయించకూడదు. అక్కడే నిలిపి డాక్టరును పిలవాలి. ఇది విని ఒక ముసలాయన తల ఊపాడు. పోయిన ఏడు అతని గుర్రం అలాగే పడిపోయింది. ఎవరో చేతబడి చేశారని అనుకున్నాడు. ఆ మాట పట్టుకుని పక్క ఊరివాళ్ళతో మాటలు కూడా మానేశాడు.

నీళ్ళ దగ్గర పెద్ద వాదన జరిగింది. చెమట పట్టిన గుర్రానికి నీళ్ళు ఇస్తే చచ్చిపోతుందని మామ అన్నాడు. ఇవ్వకపోతేనే చచ్చిపోతుందని ఇంకొకరు అన్నారు. డాక్టరు ఇలా చెప్పాడు. నీళ్ళు ఆపకూడదు. దిగి రాగానే కొంచెం తాగించి, కాసేపు నడిపించి, మళ్ళీ కొంచెం తాగించాలి. దాణా మాత్రం గంట ఆగి పెట్టాలి. అంత చిన్న గుర్రం కూడా ఎండలో పని చేస్తే రోజుకు రెండు బకెట్లు తాగుతుంది. తాగిందో లేదో తెలియాలంటే మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదలాలి. వెంటనే సర్దుకుంటే మంచిది. మడత అలాగే నిలబడితే ఒంట్లో నీళ్ళు తక్కువైనట్టు.

అతను అందరినీ ఒక్కొక్కరిని పిలిచి చుక్క డొక్క మీద చెవి పెట్టించాడు. లోపల గుడగుడ వినిపించింది. అత్త చాలా సేపు చెవి పెట్టి విన్నది. ఆ చప్పుడు ఉండాలి. చప్పుడు లేకపోతే పొట్ట పని చేయడం లేదని గుర్తు.

మూడో కార్డు

నెల మొదట్లో డిపో బియ్యం ఇస్తారు. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోల బియ్యం. చుక్క మీద ఎప్పుడూ మూడు కార్డుల బియ్యం వేసేవారు. మూడు ముప్ఫై ఐదులు నూట ఐదు. కొన్నిసార్లు పైన మామ కూడా ఎక్కేవాడు.

1965లో కేంద్ర ప్రభుత్వం బరువు మోసే జంతువులకు నియమాలు చేసింది. చిన్న గుర్రం, అంటే తట్టు, 70 కిలోలకు మించి మోయకూడదు. గాడిద 50 కిలోలు. కంచర గాడిద 200 కిలోలు. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి నడిపించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు బరువు వేయకూడదు. ఈ నియమాలు కాగితం మీద ఉన్నాయి. కొండ మీద ఎవరూ వచ్చి తూకం వేయరు. 70 అన్నది కూడా ఇంతకు మించవద్దని చెప్పే గీత. ఎక్కుడు దారిలో, వానలో, ముసలి గుర్రానికి, చూలు గుర్రానికి అది కూడా ఎక్కువే.

డెబ్బై అంటే రెండు కార్డులు.

కోడలు ఈ మాట చెప్పింది. మామ ఒప్పుకోలేదు. "మూడో కార్డు కిరాయి నువ్వు ఇత్తావా? ఆ ఇంటోళ్ళు వేరే గుర్రం చూసుకుంటారు" అన్నాడు. అది నిజమే. ఆ నెల మూడో కార్డువాళ్ళు వేరే ఇంటికి వెళ్ళారు. చుక్క ఇంటికి ఒక కిరాయి తగ్గింది.

కోడలు ఈసారి పొదుపు సంఘం కూర్చున్నప్పుడు ఆ సంగతి పెట్టింది. గుర్రాలున్న ఐదు ఇళ్ళ ఆడవాళ్ళూ సంఘంలో ఉన్నారు. ఒక ఇల్లు రెండు కార్డులే మోస్తే ఆ ఇల్లు నష్టపోతుంది. ఐదు ఇళ్ళూ రెండే మోస్తే ఎవరికీ నష్టం లేదు, ఇంకో తిరుగుడు పెరుగుతుంది అంతే. దీని మీద రెండు వారాలు మాటలు నడిచాయి. చివరికి నాలుగు ఇళ్ళు ఒప్పుకున్నాయి. ఐదో ఇల్లు ఇంకా ఒప్పుకోలేదు. ఆ ఇంటి గుర్రం వీపు మీద అరచేయంత పుండు ఉంది.

వీపు, గిట్ట

ఆ పుండు బరువు వల్ల ఒక్కటే రాలేదు. కట్టే తీరు వల్ల వచ్చింది. వెన్నెముక మీద గోనె పట్టా వేసి, తాడుతో బిగించి కట్టారు. ఎముకకు, తాడుకు మధ్య తోలు నలిగింది.

వెన్నెముక మీద ఏదీ ఆనకూడదు. పాత బొంతలు రెండు గట్టిగా చుట్టాలి. వెన్నెముకకు అటు ఒకటి, ఇటు ఒకటి పెట్టాలి. మధ్యలో గాలి ఆడేలా సందు ఉండాలి. వాటి మీద జీను గాని, గోనె గాని వేయాలి. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి. ఒక పక్క ఉప్పు, ఒక పక్క దూది అన్నట్టు ఉంటే జీను జారి ఒరుసుకుంటుంది. పొట్ట కింద పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్ళు దూరాలి.

బరువు దించగానే వీపు తడిమి చూడాలి. వేడిగా ఉన్న చోట, వెంట్రుక ఊడిన చోట రేపు పుండు పడుతుంది. పుండు పడితే కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు వేసి కడగాలి. ఈగ వాలకుండా పుండు చుట్టూ వేపనూనె రాయాలి. కిరసనాయిలు, బండి ఆయిలు పోయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పుండు మానే దాకా ఆ వీపు మీద బరువు వేయకూడదు. ఐదో ఇంటివాళ్ళకు కష్టంగా ఉన్నది ఇదే.

గిట్టలు రోజూ ఎత్తి చూడాలి. రాయి ఇరుక్కుందా, మేకు దిగిందా, కుళ్ళు వాసన వస్తోందా అని చూడాలి. వానాకాలంలో బురద కొట్టంలో నిలబడితే గిట్ట లోపల కుళ్ళుతుంది. కొట్టం నేల పొడిగా ఉంటే సగం జబ్బు పోయినట్టే. గిట్ట మన గోరు లాంటిది, పెరుగుతూనే ఉంటుంది. నాడాలు కొట్టిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు తీయించి, గిట్ట చెక్కించి, మళ్ళీ కొట్టించాలి.

మేకు దిగితే ఒక పెద్ద భయం ఉంది. ధనుర్వాతం. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో మనకు వేసే టీకా దీనికే. పశువులన్నిటిలో ఈ జబ్బు గుర్రానికే తొందరగా తగులుతుంది. దవడ బిగుసుకుపోతుంది, చెవులు నిలబడిపోతాయి, కాళ్ళు కర్రల్లా అవుతాయి. గుర్రానికి కూడా టీకా ఉంది. ముందే వేయించాలి.

జోరీగలు కుట్టడం వల్ల సర్రా అనే జబ్బు వస్తుంది. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. గుర్రం చిక్కిపోతుంది. కాళ్ళు, పొట్ట కింద వాపు వస్తుంది. రక్తం పరీక్ష చేసి మందు ఇస్తారు. సాయంత్రం కొట్టంలో వేపాకు పొగ వేస్తే ఈగలు తగ్గుతాయి. గ్లాండర్స్ అని ఇంకొకటి ఉంది. ముక్కులోంచి చిక్కని చీమిడి కారుతుంది, ఒంటి మీద గడ్డలు లేచి పగులుతాయి. అది మనుషులకు కూడా అంటుతుంది. అలాంటి గుర్రాన్ని చేత్తో ముట్టకుండా, వేరుగా కట్టి, పశువుల ఆసుపత్రికి వెంటనే చెప్పాలి. పశువుల అంబులెన్సుకు ఫోను నంబరు 1962.

ఎక్కడం, దిగడం

ఆ ఊరిలో ఆడవాళ్ళు గుర్రం ఎక్కేవారు కారు. చిన్నపిల్లలు ఎక్కుతారు, మగవాళ్ళు ఎక్కుతారు. ఆడవాళ్ళు కళ్ళెం పట్టుకుని పక్కన నడుస్తారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు.

సవారీకి ఒక లెక్క ఉంది. ఎక్కే మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకుండా ఉంటే గుర్రానికి హాయి. చుక్క 200 కిలోలు. ఐదో వంతు 40 కిలోలు. మామ 60 కిలోలు దాటి ఉంటాడు. కోడలు 41 కిలోలు. అంగన్వాడీ కాటా మీద చూసుకుంది. జీను కలిపితే ఆమె కూడా ఐదో వంతు కొంచెం దాటుతుంది. అయినా ఆ ఇద్దరిలో గుర్రం ఎక్కడానికి ఎవరు మేలో దీన్ని బట్టి మీరే చెప్పండి. ఈ మాట విని అత్త చాలా సేపు నవ్వింది.

గుర్రానికి కళ్ళు పక్కలకు ఉంటాయి. సరిగ్గా వెనక ఉన్నది కనబడదు. ముక్కు ముందు ఉన్నది కూడా కనబడదు. అందుకే వెనక నుంచి వెళ్ళకూడదు. మాట్లాడుతూ, ఎడమ భుజం వైపు నుంచి దగ్గరకు వెళ్ళాలి. చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉంటే దానికి కోపంగా ఉంది. అప్పుడు ఆగాలి. ఎక్కేది కూడా ఎడమ వైపు నుంచే. పూర్వం సిపాయిలకు ఎడమ నడుముకు కత్తి ఉండేది, కత్తి అడ్డు రాకుండా అటు నుంచి ఎక్కేవారు. కత్తులు పోయాయి, అలవాటు ఉండిపోయింది. గుర్రాలకూ అదే అలవాటైంది.

పగ్గం మణికట్టుకు చుట్టుకోకూడదు. గుర్రం బెదిరి పరుగెత్తితే మనిషిని ఈడ్చుకుపోతుంది. రికాబులో పాదం ముందు భాగమే పెట్టాలి. మడమ దాకా దూర్చకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి. దిగుడు ఎక్కువగా ఉంటే దిగి నడవాలి. తడి రాళ్ళ మీద అసలు ఎక్కకూడదు.

కోడలు మొదటి రోజు చింతచెట్టు నుంచి గెడ్డ వరకు ఎక్కింది. మగపిల్లలు వెనక పడి అరిచారు. మూడో రోజు అరవలేదు. ఇప్పుడు పక్కింటామెకు కడుపులో బిడ్డ. నెలలు నిండాక ఆమెను డోలీలో మోసుకుపోవాలి, గుర్రం మీద కూర్చోబెట్టకూడదు. కానీ ముందుగా కిందికి వెళ్ళి కబురు చెప్పి రావడానికి కోడలు ఉంది, చుక్క ఉంది. నడిస్తే పట్టే సమయంలో సగం చాలు.

దేశంలో గుర్రాలు తగ్గిపోతున్నాయి. 2012లో 6 లక్షల పైన ఉండేవి. 2019లో లెక్క పెడితే 3 లక్షల 40 వేలు ఉన్నాయి. రోడ్లు వచ్చిన చోట ఆటోలు వచ్చాయి. చుక్క ఊరికి కూడా రోడ్డు కొలిచి వెళ్ళారు. రోడ్డు రావాలనే ఊరందరి కోరిక, గుర్రాలున్న ఐదు ఇళ్ళతో సహా. అంత వరకు ఉప్పు చుక్క మీదే రావాలి.

డాక్టరు ఇచ్చిన కాగితం ఇప్పుడు చూరులో లేదు. కోడలు దాన్ని కొట్టం తలుపుకు అంటించింది. కింద ఖాళీ ఉంటే తన చేత్తో రాసింది. "చుక్క. 200 కిలోలు. ఉలవలు పొద్దున రెండు గ్లాసులు. సాయంత్రం రెండు గ్లాసులు. నానబెట్టాలి." నాలుగు గ్లాసులంటే కిలో లోపే. ఆమె ముందే తూచి చూసింది.

అత్త ఆ రాత చదవలేదు. కానీ రాత్రి పడుకునే ముందు తలుపు దగ్గర నిలబడి, రెండు అనే అంకె మీద వేలు పెడుతుంది. రెండు గ్లాసులు కొలిచి నీళ్ళలో వేస్తుంది. ఇంకో అంకె పక్కన ఏముందని మొన్న కోడలిని అడిగింది.

మీరే లెక్క కట్టండి

ఒక గుర్రం చుట్టుకొలత 132. పొడవు 126. దాని బరువు ఎంత? దానికి రోజుకు ఎండు మేత ఎంత కావాలి?

ఒక ఇంట్లో 35 కిలోల బియ్యం, 20 కిలోల పసుపు, 10 కిలోల ఉప్పు ఉన్నాయి. ఈ బరువు ఒక తట్టు మీద వేయవచ్చా? రెండు పక్కలా ఎలా సర్దుతారు?

మీ ఇంట్లో పశువుల చాకిరీ ఎవరు చేస్తారు? వాటి మీద వచ్చే డబ్బు లెక్క ఎవరు చూస్తారు?